పసుపు డబ్బాకి తొంభై ఎనిమిది

వరహాలుకి కళ్ళజోడు యాత్రలంటే ఒళ్ళు మంట.

ఈల జ్వరం వచ్చి ఆరేళ్ళయింది. ఊపిరి తీస్తే గుండెల్లోంచి సన్నగా ఈల వినిపించే ఆ జ్వరం కుర్రవాళ్ళని రెండు రోజులు పడుకోబెట్టి వదిలేసేది. పెద్దవాళ్ళని మాత్రం వదిలేది కాదు. టీకాలు కూడా ముసలి వంటికి పట్టలేదు. దాంతో అరవై అయిదు దాటినవాళ్ళు ఎవరి వీధి వాళ్ళు దాటకూడదని చట్టం తెచ్చారు. ఊరికే కూర్చోబెడితే ఉసురు తగులుతుందనుకున్నారో ఏమో, వీధికొక గది కట్టి అందులో మాయ కళ్ళజోళ్ళు పెట్టారు. పెట్టుకుంటే కాశీ, తీసేస్తే విజయనగరం. అరచేతిలో వైకుంఠం అంటారే, అచ్చం అదే.

"గోదారి సూపించారు, బాగానే ఉంది. నీసు వాసనేదీ? సీర తడిసిందేదీ? పక్కోళ్ళు తోసుకోకుండా అది ఊరెల్లడం ఏటి?" అని వరహాలు ఆ గది చూసుకునే ఆవిడని రోజూ కడిగేసేది.

కడిగే హక్కు వరహాలుకి ఉంది. ఇరవై ఏడేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. విజయనగరం నుంచి రాజమండ్రి రూటు. పాపికొండలు చూడబోయే జనాన్ని ఎన్ని వేలమందిని రాజమండ్రిలో దించిందో లెక్కలేదు. వాళ్ళు కేరింతలు కొడుతూ లాంచీల రేవు వైపు పోతే, ఆవిడ ఒక టీ తాగి అదే బస్సులో వెనక్కి వచ్చేది. రిటైరయ్యాక తీరిగ్గా చూద్దామనుకుంది. తీరిక దొరికితే కదా! మనవరాలు హిమజ బరువులెత్తే పిల్ల. తెల్లారకముందే దాన్ని వ్యాయామశాలకి తీసుకెళ్ళడం, గుడ్లు ఉడకబెట్టడం, పోటీలకి వెంట తిరగడం. ఈ ఏడు పోటీలు అవనీ, వచ్చే ఏడు అవనీ అనుకుంటుండగానే ఈల జ్వరం వచ్చి గడపకి గొళ్ళెం పెట్టేసింది. ఇప్పుడు ఆవిడకి డెబ్బై మూడు, హిమజకి ఇరవై రెండు.

అలాంటి వరహాలు పేరుని హిమజ చెప్పాపెట్టకుండా విశాఖలోని ఒక ప్రయోగశాలకి పంపింది. ఆరేళ్ళలో మొట్టమొదటి పెద్దల విహారయాత్ర. పది రోజులు, ఎనిమిది మంది, కోనసీమ, చివర్లో పాపికొండలు. పేరు ఖాయమైందని ఫోను వచ్చిన రోజు వరహాలు వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి చెప్పింది. రెండుసార్లు చెప్పించుకున్న గుమ్మాలు కూడా ఉన్నాయి.

అసలు సంగతి ప్రయోగశాలలో తెలిసింది.

డాక్టర్ రుక్సానా టీ కప్పు చేతిలో పట్టుకుని తాగడం మరిచిపోయే రకం మనిషి. అవ్వనీ మనవరాలినీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టింది. హిమజ చేతినుంచి ఒక గొట్టం యంత్రంలోకి, యంత్రంలోంచి ఇంకో గొట్టం వరహాలు చేతిలోకి.

"వీటిని కాపలా కణాలంటాం. ఈల జ్వరంతో కొట్లాడడం మీ మనవరాలి ఒంట్లో ఇవి నేర్చుకున్నాయి. మీ వయసులో ఆ విద్య ఒంటపట్టదు. అందుకని నేర్చుకున్నవాళ్ళనే మీకు పంపిస్తున్నాం."

"మరి దీని కాడ ఏటి మిగులుతాది?"

"ఏమీ మిగలదు," అంది డాక్టర్. ఆవిడకి డొంకతిరుగుడు చేతకాదు. "అందుకే మీరు తిరిగొచ్చేదాకా హిమజ ఆ గాజు గదిలో ఉండాలి. మీరొచ్చాక మీ దగ్గర మిగిలినవి తీసి తనకి ఎక్కిస్తాం. నూటికి నలభై తిరిగొస్తే చాలు, వారంలో నిలదొక్కుకుంటాయి. అంతకన్నా తగ్గితే మాత్రం తన ఒంట్లో కొత్తవి పుట్టేదాకా ఆగాలి. నలభై రోజులు."

వరహాలు గబుక్కున లేచి కూర్చుంది. "మూడు వారాల్లో దీనికి దేశం జట్టు పోటీలమ్మా! ఒద్దు, ఆపీండి. నానెల్లను."

"పడుకో అమ్మమ్మా," అంది హిమజ, చెయ్యి కదపకుండా. "పది రోజులు కూర్చోవడం నాకో లెక్కా? నువ్వు ఆరేళ్ళు కూర్చోలేదా? ఎక్కేసి పో."

చివరికి వరహాలు మణికట్టుకి ఒక కంకణం తొడిగారు. దాని అడుగున సన్నటి నీలం దీపం. కణాలకి ముందే ఒక రంగు అంటించారు కనక ఆ దీపం పడగానే చర్మం కింద అవి మిణుకుమంటాయి. ఎంత మిణుకు ఉంటే కంకణం మీద అంత అంకె. యాభై అయిదు పైన ఉంటే ఆకుపచ్చ. తగ్గితే పసుపురంగు, వెంటనే వెనక్కి రావాలి. నలభై కంటే తగ్గితే ఎరుపు. వరహాలు కంకణం మీద పచ్చగా నూరు వెలిగింది. మిగతా ఏడుగురి మనవల్లాగే హిమజ కూడా తన గాజు గదిలోకి నడిచింది. తలుపు వెనకాల పడిన చప్పుడుకి వరహాలు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది గానీ, బయట యాత్ర బస్సు హారన్ కొట్టేసరికి కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. ఎందుకు దాచాలి, ఆవిడకి పట్టలేనంత సంతోషంగా ఉంది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టుంది ఆ ఎనిమిది మంది వరస. అనకాపల్లిలో బెల్లం వాసనకే బస్సు ఆపించారు. తునిలో ఆపించారు. ఏమీ లేనిచోట కూడా, ఊరికే రోడ్డు మీద నిలబడొచ్చు కదా అని ఆపించారు. ఐదుగురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. కాకినాడలో నర్సుగా చేసి రిటైరైన సువార్తమ్మ మొదటి పూటకే వరహాలుకి వదినైపోయింది. భ్రమరాంబ అనే ఆవిడ ఇంటినుంచి పెద్ద డబ్బాతో పసుపు తెచ్చుకుంది. ఒంటి నిండా పసుపు రాసుకుని కాలవలో మునిగితేగానీ అది స్నానమే కాదని ఆవిడ సిద్ధాంతం. ఆరేళ్ళు బకెట్టు నీళ్ళతో సరిపెట్టుకున్న ఆడవాళ్ళు ఎందుకు కాదంటారు? దిండి దగ్గర పడవింట్లో రోజూ పొద్దున్నే పాదాలనుంచి మణికట్ల దాకా పసుపు, తర్వాత కేకలు పెడుతూ నీళ్ళలోకి. చర్చికి పోయే సువార్తమ్మ పసుపు జోలికి పోకుండా మెట్టు మీద కూర్చుని వీళ్ళ సంబరానికి నవ్వేది.

రోజూ సాయంత్రం హిమజ గాజు గదిలోంచి ఫోను చేసేది. "ఎనభై నాలుగా! నువ్వు నాకంటే గట్టిదానివే."

"కండక్టరు ఒళ్ళే ఇది!" అనేది వరహాలు, గొప్పగా.

గురువారం రాజోలులో యాత్ర బస్సు టైరు మారుస్తున్నారు. ఎదురుగా స్టాపులో పల్లెల బస్సు ఒకటి వచ్చి ఆగింది. జనం కిటకిట, తలుపు దాకా. లోపల్నించి చెమట, మల్లెపూలు, డీజిలు కలిసిన వాసన వచ్చింది. ఆ వాసన వరహాలుని చెయ్యిపట్టి లాక్కెళ్ళింది. గుంపుల్లోకి పోకూడదని డాక్టర్ పదిసార్లు చెప్పింది. పోకూడదని ఆవిడకి తెలుసు. తెలిసే ఎక్కింది. ఇరవై నిమిషాల తర్వాత టైరు బిగించి వెతుక్కుంటూ వస్తున్న సొంత బస్సుకి తాటిపాక సెంటర్లో ఎదురైంది, జుట్టు రేగిపోయి, మొహం వెలిగిపోతూ. కంకణం పచ్చగానే ఉంది, ఎనభై రెండు. మరింకేం!

శుక్రవారం పొద్దున రాజమండ్రి రేవులో ఇద్దరు మగవాళ్ళ కంకణాలు పసుపురంగుకి తిరిగాయి. ఒకాయనది యాభై మూడు, ఇంకొకాయనది యాభై నాలుగు. కోనసీమలో ఈల జ్వరం మళ్ళీ తిరుగుతోందని అక్కడే తెలిసింది. వాళ్ళిద్దరూ మొహాలు వేలాడేసుకుని విశాఖ కారెక్కారు. ఆడవాళ్ళు వాళ్ళని ఊరికే పోనిచ్చారా! "పాలు తాగండి బాబూ, పాలు," అని భ్రమరాంబ కిటికీ దాకా పోయి చెప్పొచ్చింది.

లాంచీ కదిలింది. వరహాలు ముందు భాగంలో కడ్డీ పట్టుకుని నిలబడింది. నీసు వాసన ఉంది. చీర తడుస్తోంది. ఇరుపక్కలా కొండలు దగ్గరికి జరుగుతున్నాయి. ఇన్నేళ్ళూ తను దించినవాళ్ళంతా దీనికోసమా నవ్వుకుంటూ పోయేది! ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ చేసింది.

మూడు గంటలు గడిచాక పాత అలవాటు కొద్దీ మనుషుల్ని లెక్కపెట్టబోయింది. ఒకరు తగ్గారు. చూస్తే సువార్తమ్మ లాంచీ వెనకాల, ఎడం చెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది.

"ఏటొదినా, సెయ్యి దాసుకున్నావు?"

"ఏం లేదు వదినా. గాలి."

వరహాలు కొంగు లాగింది. పసుపురంగు. యాభై రెండు.

"ఒక్క గంట వదినా," అంది సువార్తమ్మ. "రెండు మలుపులంట. ఎవరికీ చెప్పకు. నీ చేతులు పట్టుకుంటాను."

వరహాలు ఆ చేతివంక చూస్తూ ఉండిపోయింది. ఆవిడ బుర్రలో ఏదో తిరుగుతోంది. ఇద్దరు మగవాళ్ళు పసుపురంగు. సువార్తమ్మ పసుపురంగు. సువార్తమ్మ ఒక్కనాడూ గుంపులోకి దిగలేదు, గబగబా నడవను కూడా లేదు. మిగతా ఆడవాళ్ళు నలుగురూ పచ్చ. బస్సులో తోసుకుని తిరిగొచ్చిన తనదీ పచ్చే. మరి మగవాళ్ళలో మిగిలిన డ్రాయింగు మేష్టారో?

"మేష్టారూ! మీది ఎంత?"

"డెబ్బై తొమ్మిదమ్మా!"

"మీరు గానీ పసుపు రాసుకున్నారేటి?"

మేష్టారు బిత్తరపోయాడు. "చెయ్యంతా దోమలు కుట్టేస్తే భ్రమరాంబగారు కాస్త పెట్టారు. తప్పా?"

వరహాలు కంకణం విప్పి తన పాదం మీద పెట్టింది. పచ్చ, ఎనభై ఎనిమిది. భ్రమరాంబ సంచీలోంచి డబ్బా లాగి, మూత తీసి, కంకణాన్ని పసుపులో బోర్లించింది. నీలం దీపం కింద పొడి అంతా పచ్చటి మెరుపు మెరిసింది. పసుపు డబ్బాకి నూటికి తొంభై ఎనిమిది రక్షణ ఉందని కంకణం సంతోషంగా చెప్పింది.

ఎవరూ నవ్వలేదు. వంటాయన దగ్గర కొబ్బరినూనె తెచ్చి, సబ్బుతో మణికట్లు తోమారు. చర్మం ఎర్రబడేదాకా తోమారు. భ్రమరాంబది యాభై. మేష్టారిది యాభై ఒకటి. మిగతా ఇద్దరివీ నలభై తొమ్మిది. వరహాలుది నలభై ఆరు.

"రేవుకి మూడు గంటలు, అక్కణ్ణించి కారులో నాలుగు," అని మేష్టారు వేళ్ళమీద లెక్కేశాడు. "గంటకి ఇంచుమించు ఒకటి పోతోంది."

లాంచీ నడిపే ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. "ఏం చేద్దామమ్మా? అదిగో, ఆ మలుపూ, దాని తర్వాత మలుపూ. అంతేనండి."

అందరూ వరహాలు వైపు చూశారు. ఆవిడ మలుపు వైపు చూసింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆవిడకి హిమజ గుర్తు రాలేదు. కొండలే కనిపించాయి. ఒక్క గంటకి ఏమైపోతుందిలే, కంకణం తప్పు చెప్పినా చెప్పొచ్చులే అని మనసు గోల పెట్టింది. తర్వాత గాజు తలుపు పడిన చప్పుడు చెవిలో వినిపించింది. ఆవిడకి తనమీద తనకే అసహ్యం వేసింది.

"తిప్పీ బాబూ!" అని అరిచింది. "ఎనక్కి తిప్పీ! ఎంత జోరుగా పోతాదో అంత జోరుగా పోనీ!"

ఒక్కరూ కాదనలేదు. అందరికంటే ముందు సువార్తమ్మే లేచి వెళ్ళి బరువు తగ్గించడానికి కుర్చీలు ఒడ్డున దించేద్దామా అని అడిగింది.

సిగ్నలు అందగానే డాక్టర్ రుక్సానాకి ఫోను చేశారు. "పసుపా!" అంది ఆవిడ. "మేం ప్రతిసారీ స్పిరిటుతో తుడిచి చూశాం. స్నానానికి ముందు పసుపు రాసుకునే మనుషులుంటారని మాలో ఒక్కరికీ తోచలేదు. తప్పు నాది. త్వరగా రండి."

రేవులో మూడు కార్లు సిద్ధంగా ఉన్నాయి. ఆ తర్వాత వరహాలు రోడ్డు చూడలేదు, కంకణమే చూసింది. అన్నవరం దగ్గర నలభై రెండు. తుని, నలభై ఒకటి. ఊపిరి గట్టిగా తీస్తే కూడా పోతాయేమోనని మెల్లగా తీసింది. "తొక్కు నాయనా, తొక్కు," అని డ్రైవరుని ప్రాణం తీసింది. అనకాపల్లి, నలభై. ఇంకా ఆశ ఉంది. గాజువాక కూడలిలో లారీలు అడ్డం పడ్డాయి. హారన్లు, పొగ, కదలని వరస. కంకణం రెప్పవాల్చినట్టు ఒకసారి ఆరి, ఎర్రగా వెలిగింది. ముప్ఫై తొమ్మిది.

ప్రయోగశాల మెట్లెక్కేసరికి ముప్ఫై ఎనిమిది. భ్రమరాంబకి నలభై రెండు వచ్చింది, మేష్టారికి నలభై మూడు, మిగతా ఇద్దరికీ నలభై ఒకటి, సువార్తమ్మకి నలభై అయిదు. వాళ్ళ మనవలందరి తలుపులూ వారంలో తెరుచుకుంటాయి. హిమజది మాత్రం తెరుచుకోదు.

ఉన్న కణాల్ని ఎక్కించారు. పోటీల మాట డాక్టరే చెప్పింది. హిమజ అంతా విని, చేతిలో ఉన్న స్టీలు గ్లాసుని గోడకేసి కొట్టింది. "పన్నెండేళ్ళు! పన్నెండేళ్ళు ఎత్తాను!" అని అరిచి అటు తిరిగి పడుకుంది. వరహాలు గాజు బయట నేలమీద కూలబడింది. ఎవరు లేపినా లేవలేదు. ఆ పూటా మర్నాడూ ఇద్దరి మధ్యా మాట లేదు.

మూడో రోజు మధ్యాహ్నం హిమజ గాజు దగ్గరికి వచ్చి ఒక కాగితం ఆనించింది. పసుపు మెరుపుని తీసేసి ప్రయోగశాలవాళ్ళు మళ్ళీ లెక్కకట్టిన పట్టీ అది, ఏ గంటలో ఎన్ని పోయాయో.

"అందరికీ రోజూ కొంచెం కొంచెం తగ్గాయి. నీకొక్కదానికే గురువారం నాలుగు గంటలకి ఒక్కసారిగా ఆరు పోయాయి. ఆ ఆరూ ఉండుంటే నేను బయట ఉండేదాన్ని. అప్పుడేం చేశావ్?"

ఎవరో దగ్గారని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"బస్సెక్కాను," అంది వరహాలు.

"ఏ బస్సు?"

"రాజోల్లో. పల్లెల బస్సు. తొక్కుకు సచ్చిపోతున్నారు. పుట్‌బోర్డు మీద నిలబడి స్టాపులు పిలిసీసాను. జనమంతా నవ్వేరు. ఆ కండక్టరు పిల్ల కూడా. ఇరవై నిమిషాలు."

"వద్దన్నారని తెలుసా?"

"తెలుసు."

హిమజ కాగితాన్ని గాజు మీంచి దించింది. "ఎలా ఉంది?" అంది.

వరహాలు క్షమించమనడానికి రెండు రోజులుగా మాటలు కూర్చుకుంది. అవేవీ రాలేదు. "బాగుందే," అంది. కన్నీళ్ళు కారిపోతున్నాయి. "సానా బాగుంది. ఈ ఆరేళ్ళలో అంత బాగా ఎప్పుడూ నేదు. నీకు సెప్పడానికి సిగ్గేస్తంది గానీ, అబద్ధమాడలేను."

హిమజ మొహం మొదట ముడుచుకుంది, తర్వాత ఏడ్చింది, ఆ ఏడుపు మధ్యలోనే నవ్వింది. "బరువు నెత్తి మీద నిలిచినప్పుడు నాకూ అలాగే ఉంటుంది. మూడు సెకన్లే. వాటికోసం పన్నెండేళ్ళు నువ్వు చీకట్లో లేచావు." ముక్కు తుడుచుకుంది. "మరి పాపికొండలో?"

"సూడలేదు. రెండు మలుపులుండగా తిప్పీసాను."

"ఎలాగూ పోయిన పోటీలకోసమా తిప్పావ్?"

"పోతాదని ఏటి తెల్సు నాకు?"

హిమజ గాజుకి ఆనుకుని కూర్చుంది. అంతలో డాక్టర్ రుక్సానా ఒక చేత్తో చల్లారిన టీ, ఇంకో చేత్తో జాబితా, కలం పట్టుకుని వచ్చి, యాత్ర మళ్ళీ పెడుతున్నామనీ, ఈసారి కంకణం పసుపుని పసిగడుతుందనీ, వరహాలు పేరు జాబితాలోంచి తీసేశామనీ మెల్లగా చెప్పింది.

"తీసీండమ్మా," అంది వరహాలు. "దీని తలుపుకి నాను తాళమైపోయాను. సాలు."

"మళ్ళీ రాయండి డాక్టర్ గారూ," అంది హిమజ లోపల్నించి. "వచ్చే ఏడు పోటీలు అయిపోయాక రాయండి. కూర్చునేది నేనే."

"ఒసే, నీకేటి మతిపోనాదా?"

"ఒకటే షరతు." హిమజ కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కోపం పూర్తిగా పోలేదు, పోయినట్టు నటించనూ లేదు. "బస్సెక్కుతావో, ఎడ్లబండెక్కుతావో నీ ఇష్టం. ఎక్కే ముందు నాకు ఫోన్ చెయ్యి. వద్దంటాను, ఎక్కెయ్యి. కానీ ఈసారి ఆ రెండు మలుపులూ తిరక్కుండా వచ్చావో, వారం కాదు, నలభై రోజులు కాదు, నేనే లోపల్నించి తలుపు తియ్యను."

వరహాలు కొంగుతో మొహం తుడుచుకుని, డాక్టర్ చేతిలోంచి కలం అందుకుంది.